గోడలెక్కే ఆట: తల్లిదండ్రులు, యువత తెలుసుకోవలసిన సంగతులు

మా ఎముకల విభాగానికి వచ్చిన ఒక తల్లి అడిగిన ప్రశ్నతో ఈ నెల ఆరోగ్య పాఠం మొదలుపెడుతున్నాము. ఆమెది యాడికి పక్కన ఒక పల్లె. కొడుకు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. కుడి మణికట్టుకు పిండికట్టుతో పండుగకు ఇంటికి వచ్చాడు. "గోడ ఎక్కేకి పోయి పడినాడంట సార్. దానికి దుడ్లు కూడా కట్టినాడంట! ఈడ ఇన్ని గుట్టలుంటే, ఎవరన్నా దుడ్లిచ్చి గోడ ఎక్కుతారా? ఇంగ పోవద్దని మీరన్నా చెప్పండి" అని ఆమె మాతో అన్నది. కొడుకు తల వంచుకొని నవ్వుకుంటున్నాడు. అతడు అడగాలనుకొన్నది వేరు: "మళ్లీ ఎప్పుడు పోవచ్చు సార్?"

ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. నిజం చెప్పాలంటే అప్పటికి మాలో ఎవరమూ అటువంటి హాలు లోపల అడుగుపెట్టలేదు. చూడకుండా సలహా చెప్పడం మంచిది కాదని, సిబ్బందిలో కొందరము సంఘ యువతను వెంటబెట్టుకొని ఒక శనివారం బెంగళూరు వెళ్లి ఒక హాలు చూసి వచ్చాము. చూసినది, ఆ తరువాత చదివి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మన మండలం నుండి బెంగళూరు, హైదరాబాదు చేరిన పిల్లలు చాలామంది ఉన్నారు గనుక ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

లోపల ఏముంటుంది

గోడౌను వంటి పెద్ద షెడ్డు. లోపల చెక్కపలకలతో కట్టిన గోడలు. కొన్ని నిటారుగా, కొన్ని మన మీదికి వంగినట్టుగా ఉంటాయి. వాటి నిండా రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు బోల్టులతో బిగించి ఉంటాయి. వీటిని హోల్డ్స్ అంటారు, అంటే చేతికీ కాలికీ పట్టులు. ఒక రంగు పట్టులన్నీ కలిపి ఒక దారి. మొదటి పట్టును రెండు చేతులతో పట్టుకొని బయలుదేరి, అదే రంగు మీద పైవరకు వెళ్లి, చివరి పట్టును రెండు చేతులతో నిలకడగా పట్టుకొంటే ఆ దారి ముగిసినట్టు. ఆడేవాళ్లు ఆ దారిని 'ప్రాబ్లం' అంటారు. మా వెంట వచ్చిన లెక్కల మాస్టారికి ఈ మాట బాగా నచ్చింది. నిజంగానే అది లెక్క వంటిదే. ఎడమ కాలు ముందు పెట్టాలా, కుడి చెయ్యి ముందు చాపాలా అని కింద నిలబడి పది నిమిషాలు ఆలోచించేవాళ్లను అక్కడ చూశాము.

ఇందులో రెండు రకాలున్నాయి. తాడు లేకుండా ఎక్కేది బౌల్డరింగ్. ఆ గోడ ఎత్తు 4 మీటర్లు, 4.5 మీటర్లు, అంటే రమారమి మన ఒంటి మిద్దె కంటే కొంచెం ఎక్కువ. కింద అడుగు మందం ఉన్న పరుపులు పరచి ఉంటాయి. రెండవది తాడుతో ఎక్కేది. నడుముకు, తొడలకు హార్నెస్ అనే పట్టీల జోడు కట్టి, తాడును పైకొక్కెం గుండా దింపి, కింద ఇంకొకరు ఆ తాడును పట్టుకొంటారు. కొన్నిచోట్ల మనిషికి బదులు, తాడును తానే చుట్టుకొని మెల్లగా దించే యంత్రం ఉంటుంది. గుర్తుపెట్టుకోండి, ఈ యంత్రం దగ్గర జరిగే పెద్ద ప్రమాదాలకు యంత్రం చెడిపోవడం కంటే, కొక్కెం తగిలించుకోవడం మరచి ఎక్కడమే తరచు కారణమవుతుంది. నాలుగుసార్లు సరిగ్గా ఎక్కినవాడు ఐదవసారి మాటల్లో పడి మరచిపోతాడు. ఎక్కబోయే ముందు కొక్కెం, ముడి, పట్టీల బకిల్ మూడింటినీ తాను ఒకసారి, తోటివాడు ఒకసారి చేత్తో తడిమి చూడాలి.

రోజు టిక్కెట్టు కొన్ని వందల రూపాయలుంటుంది. బూట్లు అక్కడే బాడుగకు ఇస్తారు. లోపలికి పోయే ముందు ఒక కాగితం మీద సంతకం చేయించుకొంటారు. 'దెబ్బ తగిలితే బాధ్యత నాదే' అని దాని సారాంశం. చాలామంది చదవకుండా సంతకం పెడుతున్నారు. చదవండి. మీ ఆఫీసు వారిచ్చిన ఆరోగ్య బీమా సాహసక్రీడల దెబ్బలకు వర్తిస్తుందో లేదో కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఇది ఎవరి ఆట?

ఆ తల్లి వలెనే మేము కూడా ఇది డబ్బున్న వాళ్ల కాలక్షేపం అనుకొన్నాము. చరిత్ర చూస్తే పూర్తిగా అలా లేదు. 1964లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక వరండా గోడలో రాతిముక్కలు పొదిగి, చలికాలంలో కొండకు పోలేని విద్యార్థులకు సాధన కోసం ఏర్పాటు చేశాడు. ఇప్పటి హాళ్లు ఆ వరండా సంతానమే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇది మొదటిసారి పతకాల ఆట అయింది. 2024లో పారిస్‌లో 15 మీటర్ల గోడను ఇండొనేసియాకు చెందిన వెడ్రిక్ లియొనార్డో 4.75 సెకన్లలో ఎక్కి బంగారు పతకం గెలిచాడు. ఈ వాక్యం మీరు చదివి ముగించేలోగా అతడు పైన ఉంటాడు!

మన వైపుకు వస్తే, హంపిలో గుండ్ల మధ్య పరుపులు వీపున మోసుకొని తిరిగే విదేశీయులను మీలో కొందరు చూసే ఉంటారు. వాళ్లు గుడులు చూసేందుకు మాత్రమే వచ్చినవాళ్లు కారు, ఆ గుండ్లెక్కడానికి వచ్చినవాళ్లు. బెంగళూరు వాళ్లు రామనగరం రాళ్లకు పోతారు. 1975లో వచ్చిన షోలే సినిమాలోని గబ్బర్ సింగ్ గుట్టలు అవే.

ఇక అందరికీ తెలిసిన పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద, శేఖర్ బాబు బాచినేపల్లి శిక్షణలో రాయి ఎక్కడం మొదలుపెట్టింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరం చేరింది. ఖమ్మం జిల్లాకు చెందిన మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతో పాటు ఉన్నాడు. ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ ఆమె 2022 జూన్ నాటికి పూర్తిచేసింది. ఆ కొండల మీదికి పంపే ముందు ఆ పిల్లలకు నెలల తరబడి తాడు, ముడి, అడుగు నేర్పించారు. మన ఊళ్లలో గుట్టెక్కే పిల్లలకు అది నేర్పేవాళ్లు లేరు.

అందుకే 'ఇన్ని గుట్టలుండగా' అన్న ఆ తల్లి మాటకు మా జవాబు కొంచెం జాగ్రత్తగా చెప్పవలసి వస్తున్నది. గుత్తి కోట మెట్లదారిన ఎక్కండి, పిల్లలకు చూపించండి, చాలా మంచిది. కాని దారి విడిచి గుండ్ల మీదికి పాకడం వేరు. అక్కడ పరుపు లేదు. రాయి ఊడి వస్తుంది. పెద్ద తేనెటీగల పట్లుంటాయి, పొదల్లో పాములుంటాయి, మన జిల్లా గుట్టల్లో కొన్నింట ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటాక రాయి పట్టుకొంటే చేయి కాలుతుంది. కోనుప్పలపాడు గుహల్లో చీకటిలో, తడి సున్నపురాతి మీద పిల్లలు పోటీలు పెట్టుకోవడం అసలే కూడదు. ఆ లెక్కన చూస్తే పరుపు, వెలుతురు, నేర్పే మనిషి ఉన్న గోడే నయము.

ముందు పడడం నేర్చుకోవాలి

మేము వెళ్లినచోట కోచ్ మొదటి పావుగంట గోడ ముట్టుకోనివ్వలేదు, పడడమే నేర్పింది. మా యువకులకు విసుగు పుట్టింది. మాకు మాత్రం ఆ రోజంతటిలో బాగా నచ్చినది అదే.

మనిషి వెనక్కు పడేటప్పుడు చెయ్యి తనంతట తానే వెనక్కు పోతుంది. శరీరం బరువంతా ఆ అరచేతి మీద పడి మణికట్టు విరుగుతుంది, లేదా మోచేయి కీలు తప్పుతుంది. పైన చెప్పిన అబ్బాయికి జరిగింది ఇదే. కాబట్టి పడేటప్పుడు రెండు పాదాలూ సమంగా ఆనాలి, మోకాళ్లు మెత్తగా వంచాలి, చేతులను రొమ్ము మీదికి ముడుచుకోవాలి, పిరుదుల మీదుగా వీపు మీదికి దొర్లాలి, గడ్డం రొమ్ముకు ఆనించి మెడను కాపాడుకోవాలి. కాళ్లు బిగబట్టి నిలబడాలని చూస్తే చీలమండ, మోకాలు దెబ్బతింటాయి. రెండు పరుపుల మధ్య సందులో కాలు పడకుండా చూసుకోవాలి. పై నుండి దూకకుండా పట్టులు పట్టుకొని దిగి రావడం అన్నిటికంటే మేలు. మాలో ఒక సిస్టర్‌గారు పైకి చేరిన సంతోషంలో అక్కడనుండే దూకి, చీలమండ బెణికి, తిరుగు ప్రయాణమంతా కాలు సీటు మీద పెట్టుకొని వచ్చారు. తప్పు ఎవరిదీ కాదు, పావుగంట ముందు నేర్చుకొన్నది ఆ క్షణంలో గుర్తుకు రాలేదు, అంతే.

ఎవరైనా ఎక్కుతుంటే వాళ్ల కింద నిలబడరాదు, కూర్చోరాదు. చిన్నపిల్లలను వెంట తీసుకొనిపోయేవారు ఈ ఒక్క విషయంలో క్షణం కూడా ఏమరరాదు. 70 కిలోల మనిషి 3 మీటర్ల నుండి బిడ్డ మీద పడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఉంగరాలు, గాజులు తీసివేయాలి. ఉంగరం పట్టుకు చిక్కుకొని మనిషి జారితే వేలి చర్మం తొడుగు వలె ఊడి వస్తుంది. ఇది భయపెట్టడానికి వ్రాయడం లేదు, అన్ని ఊళ్ల ఎముకల డాక్టర్లకూ తెలిసిన దెబ్బ. మెట్టెలు ఆ బిగుతు బూట్లలో గుచ్చుకొంటాయి. ఓణీ, చున్నీ తీసి పక్కన పెట్టి, జడ ముడివేసుకోవాలి. జేబులో ఫోను, తాళాలు ఉండరాదు.

ఎవరు ముందుగా డాక్టరును అడగాలి

మన ప్రాంతానికి ముఖ్యమైన మాట ఫ్లోరైడ్ గురించి. ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడిపోవడాన్ని మన దేశంలో మొదట గుర్తించి ప్రకటించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. అనంతపురం జిల్లాలో లోతు బోర్ల నీళ్లు తాగి పెరిగిన వాళ్లలో ఈ ఇబ్బంది ఈనాటికీ చూస్తున్నాము. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. అంతకు మించిన నీరు ఏండ్ల తరబడి తాగితే ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, గట్టిగా కనిపిస్తుంది కాని, లోపల పెళుసుబారి ఉంటుంది. చిన్న దెబ్బకే విరగవచ్చు. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలున్న వారందరికీ ఎముకల జబ్బు ఉన్నట్టు కాదు. అయినా ఇంటిదగ్గర మూడు పరీక్షలు చేసుకోవచ్చు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకండి. గడ్డం రొమ్ముకు ఆనించండి. రెండు చేతులూ తల వెనుకకు చేర్చండి. ఇవి చేయలేకపోయినా, చేస్తుంటే వెన్ను, మెడ పట్టేసి నొప్పి పుట్టినా, గోడ సంగతి తరువాత, ముందు ఆసుపత్రికి రండి. గడ్డం రొమ్ముకు ఆననివారికి పైన చెప్పిన పడే పద్ధతి కూడా సాధ్యపడదు.

రెండవది దుమ్ము. చేతి చెమట ఆరడానికి ఆ హాళ్లలో అందరూ తెల్లని పొడి పూసుకొంటారు. అది సున్నం కాదు, ముగ్గుపిండీ కాదు, మెగ్నీషియం కార్బొనేట్. చేతికి హాని చేయదు కాని గాలిలో లేస్తుంది. ఆస్త్మా ఉన్నవాళ్లకు దగ్గు, పిల్లికూతలు రావచ్చు. క్వారీల్లో, కంకర క్రషర్లలో ఏండ్లు పనిచేసి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు కొడుకు ఆట చూడటానికి పోయినా తలుపు దగ్గర, గాలి తగిలేచోట కూర్చోవాలి. పొడికి బదులు ద్రవరూపంలో దొరికేది వాడితే దుమ్ము తక్కువ.

బి.పి. ఉన్నవారు గమనించగలరు: పట్టును బిగించి, ఊపిరి బిగబట్టి వేలాడినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. బి.పి. అదుపులో ఉంటే, ఊపిరి వదులుతూ సులువైన దారులు ఎక్కవచ్చు. అదుపులో లేకుంటే వద్దు. షుగరు వల్ల కంటి నరాలు దెబ్బతిన్నవారు కూడా డాక్టరును అడగకుండా పోరాదు. పాదాలకు స్పర్శ తగ్గిన షుగరు రోగులు ఆ బిగుతు బాడుగ బూట్లు వేసుకోనేకూడదు. పుండు పడినట్టు సాయంత్రం దాకా తెలియదు. మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవారు ఆగాలి.

పదేళ్ల పిల్లలు ఎక్కవచ్చు, చక్కగా ఎక్కుతారు కూడా. కాని ఎదిగే వయసులో, ముఖ్యంగా 13 నుండి 16 ఏళ్ల మధ్య, వేలి కణుపుల దగ్గర ఎముక పెరిగే పొర ఇంకా మెత్తగా ఉంటుంది. వేలికొనలతో సన్నని అంచులు పట్టి వేలాడే సాధన రోజూ చేస్తే ఆ పొర చిట్లుతుంది. నడిమి వేలు కణుపు వాచి, రెండు వారాలైనా నొప్పి తగ్గకపోతే 'పట్టేసిందిలే' అని ఊరుకోక ఎక్స్‌రే తీయించండి. ఆట మాన్పిస్తే తనంతట మానుతుంది, నిర్లక్ష్యం చేస్తే వేలు వంకర పోవచ్చు.

మేలు సంగతి కూడా చెప్పాలి. వీపు, భుజాలు, కడుపు కండరాలు బలపడతాయి. పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చొనే పిల్లలకు ఇది తక్కువ మేలు కాదు. ఇంకొకటి మేము ఊహించనిది. జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయ వైద్యులు, మనసు కుంగిపోయిన రోగులను చిన్న గుంపులుగా గోడలెక్కించి, దానితో పాటు మాటల చికిత్స కలిపి చూశారు. 2015లో తొలి ఫలితాలు, 2020లో పెద్ద పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో చేసుకొనే వ్యాయామం ఒక్కటే కంటే ఈ చికిత్స ఎక్కువ మేలు చేసింది. అయితే అక్కడ శిక్షణ పొందిన వైద్య సిబ్బంది నడిపిన చికిత్స అది. మాత్రలు మానివేసి గోడెక్కమని దానికి అర్థం కాదు. కాని ఊరు విడిచి, గదిలో ఒంటరిగా ఉంటూ, ఫోనులో 'బాగున్నానమ్మా' అని మాత్రమే చెప్పే కొడుకు వారానికి రెండు సాయంత్రాలు నలుగురితో కలిసి గోడెక్కుతున్నాడంటే, ఆ కబురుకు తల్లి భయపడటం కంటే కొంత ఊరట చెందవచ్చునని మా అభిప్రాయం.

చింతచెట్టు సంగతి

ఆ హాలులో హార్నెస్ కట్టుకొని వేలాడుతున్నప్పుడు మాకు మన వార్డు గుర్తుకొచ్చింది. పడి ఎముకలు విరిగి మా దగ్గరికి వచ్చేవాళ్లలో గోడెక్కే ఆటగాళ్లు ఎందరు? ఆ అబ్బాయి ఒక్కడే. తక్కినవారు చింతకాయ దులపడానికి చెట్టెక్కినవారు, పూడిక తీయడానికి బావిలోకి దిగినవారు, పిట్టగోడ లేని మిద్దె మీద నిద్రలో జారినవారు, సారువ మీద నుండి పడిన బేల్దార్లు. వీళ్లెవరి నడుముకూ తాడు లేదు. సరదాకు ఎక్కేవానికి రెండు ముడులు, ఒక పరుపు, ఒక కోచ్. కూలికి ఎక్కేవానికి మాత్రం లుంగీ ఎగగట్టుకోవడమే రక్షణ.

ఇది మారవచ్చు. తెలంగాణలో 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో తాడు, పట్టీలు, కొక్కేలు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవారి సామాను వంటిదే అది. చెట్టు మీద చెయ్యి జారినా మనిషి నేల మీదికి రాడు, తాడుకు వేలాడతాడు. చింతతోపులు వేలంపాడుకొనేవారు, బేల్దారి మేస్త్రీలు అటువంటి జోళ్లు రెండు కొని ఉంచుకోవడం పెద్ద ఖర్చు కాదు. మేము బెంగళూరుకు తీసుకొనిపోయిన యువకులలో ఇద్దరు, ఎనిమిది అంకె వలె ఉండే ఆ ముడిని నేర్చుకొని వచ్చి, ఇప్పుడు తమ వీధిలో చింతచెట్టెక్కే మామకు నేర్పుతున్నారు. ఆయన మొదట "నాకు నేర్పేకి వచ్చినార్రా!" అని నవ్వినాడట. తరువాత కట్టుకొన్నాడట.

ఎవరైనా ఎత్తు నుండి పడితే, కాళ్లు చేతులు పట్టుకొని లేపి ఆటోలో కూర్చోబెట్టకండి. వెన్నుపూస విరిగి ఉంటే ఆ లేపడంలోనే నరం తెగి కాళ్లు పడిపోవచ్చు. కదిలించకుండా 108కి ఫోను చేయండి. తప్పనిసరై కదిలించవలసి వస్తే నలుగురైదుగురు కలిసి, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్టు దుంగను దొర్లించినట్టు దొర్లించి, తలుపు రెక్క వంటి గట్టి పలక మీదికి చేర్చండి. నీళ్లు తాగించవద్దు.

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోయే అలవాటు మన సీమలో తరాల నుండి ఉంది. ఎవరి నమ్మకాన్నీ మేము తీసివేయము. ఎక్కడికి పోయినా ముందు ఎక్స్‌రే తీయించండి అని మాత్రము కోరుతున్నాము. ఎవరు వేసిన కట్టయినా సరే, మేము వేసినదైనా సరే, వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంటగంటకు పెరుగుతున్నా అర్ధరాత్రి అని చూడక ఆసుపత్రికి రావాలి.

ఆ అబ్బాయి సంగతి: ఆరు వారాలకు కట్టు విప్పాము. ఎముక చక్కగా అతికింది, కాని మణికట్టు కర్ర వలె బిగుసుకొని ఉంది. గోరువెచ్చని నీళ్లలో ముంచి ఆడించడం, మెత్తని బంతి పిసకడం నేర్పాము. రెండు చేతుల పట్టుబలం సమానమయ్యేవరకు, తక్కువలో తక్కువ మూడు నెలలు గోడ ముట్టరాదని, ఆ తరువాత కూడా మొదటి వారాలు నేలకు అడుగెత్తున పక్కకు పక్కకు మాత్రమే నడవాలని చీటీ మీద వ్రాసి ఇచ్చాము. తల్లి ఆ చీటీని కొడుకు చేతికి ఇవ్వలేదు. మడిచి తన సంచిలో పెట్టుకొని, "మూడు నెలలు లెక్క నేను చూస్తాలే సార్. ఆ పొద్దు నేనూ పోతా, ఆ గోడేందో చూసొస్తా" అన్నది.